రెండో మనిషి

నేను తయారు చేసిన యంత్రానికి 'ఎరుక' అని పేరు పెట్టింది నేనే. పేర్లు పెట్టడంలో నాకు పెద్ద ప్రజ్ఞ లేదు. ఆ పేరు మాత్రం బాగా కుదిరిందని అప్పట్లో మురిసిపోయాను. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి తనవాళ్లను గుర్తుపడుతున్నాడో లేదో తెలుసుకోవడం దాని పని. తలకు మెత్తని టోపీ తొడిగి ఎదుట ఒక్కొక్క ఫొటో చూపిస్తాం. తెలియని ముఖమైతే తెర మీద గీత చదునుగా సాగిపోతుంది. తెలిసిన ముఖమైతే రెప్పపాటులో లేచి నిలబడుతుంది. నోరు కట్టేసుకున్నా, ముఖం బిగించుకున్నా ఆ గీత ఆగదు.

మొదటి రోగి ఒక రిటైరైన బస్సు కండక్టరు. ఆయన భార్య ఫొటో పెట్టగానే గీత తెర పైఅంచును తాకింది. ఆవిడ తెరను వేళ్లతో తడుముతూ, "ఇన్నొద్దులు గోడతోని మాట్లాడుతున్ననేమో అనుకున్న సారూ" అని బావురుమంది. ఆ రోజు నేను సంతోషం పట్టలేక సరిగ్గా అన్నం కూడా తినలేదు.

రెండేళ్ల తర్వాత ఒక విచారణ సంఘం వాళ్లు వచ్చి యంత్రాన్ని వాడుకుంటామన్నారు. దేనికని నేను అడగలేదు. మా సంస్థకు కొత్త భవనం వస్తుందన్నారు, చాలనుకున్నాను. సంగతి తర్వాత పేపర్లో చదివాను. విలేకరులను కూర్చోబెట్టి, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల ఫొటోలు వరసగా చూపిస్తున్నారట. వార్త ఎవరిచ్చారని అడగడమే లేదు, గీతే చెప్పేస్తోంది. అలా ఇద్దరు విలేకరుల తలల్లోంచి ఇద్దరు గుమాస్తాలు బయటపడ్డారు. ఒకతను జైల్లో ఉన్నాడు. రెండో అతను ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకే తెలియదు. నేను ఆ పేపరు మడిచి పక్కన పెట్టి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉప్మా తిన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు పసునూరి యశోద హన్మకొండలోని మా ప్రయోగశాలకు వచ్చింది. నలభై మూడేళ్లుంటాయి. నేత చీర, భుజాన సంచి, చేతిలో నోట్‌బుక్. ఫోను లేదు.

"ఫోన్ ఇంట్ల బియ్యం డబ్బాల పెట్టొచ్చిన సార్. అది నాతోని వస్తే నేనొక్కదాన్నే వచ్చినట్టు కాదు" అంది.

ఆమె గురించి నేను వినే ఉన్నాను. పదహారేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేసి, ఇప్పుడు సొంతంగా నాలుగు పేజీల వారపత్రిక నడుపుతోంది. అవే వార్తలు తనే చదివి ఫోన్లలోకి కూడా పంపుతుంది. పెద్దవాగు ఒడ్డున ఉన్న మందుల ఫ్యాక్టరీ ఏ విషం వదులుతోందో మూడేళ్లుగా అంకెలతో సహా రాస్తోంది. దానికి ప్రతిఫలం కూడా బాగానే ముట్టింది. ఆమె ముఖం, ఆమె గొంతు అచ్చు గుద్దినట్టు తయారుచేసి, తాను డబ్బు తీసుకుని రాస్తున్నానని ఆమే ఒప్పుకున్నట్టు ఒక దొంగ వీడియో వదిలారు. జిల్లాలో దాన్ని చూడనివాళ్లు లేరు. ఆ తర్వాత ఎవరో ఆమె ఇంటి చిరునామా, కూతురు ఎక్కే బడి బస్సు నంబరు ఊరందరి ఫోన్లకూ పంపారు. ఇన్ని జరిగినా ఒక్క వారం కూడా పత్రిక ఆగలేదు.

"తొమ్మిది రోజులల్ల నన్ను మీ యంత్రం ముంగట కూసోవెడతరు. ఫ్యాక్టరీల పనిచేసే నాలుగొందల పన్నెండు మంది ఫొటోలు చూపిస్తరట. అండ్ల ఒక్క మనిషి నాకు కాగితాలిచ్చిండ్రు" అని ఆగింది. "నా నోరు నా చేతిల ఉన్నది సార్. తలకాయ మీ చేతిల ఉన్నది. ఏమన్న చెయ్యిండ్రి."

"యంత్రాన్ని చెడగొడితే వాళ్లకు తెలిసిపోతుందమ్మా" అన్నాను.

"చెడగొట్టమంటలేను. నా తలకాయల కెల్లి ఆ మనిషిని తీసెయ్యస్తదా?"

వస్తుంది. ఆ సంగతి నాకూ మా సంస్థలో ఇంకో ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఒక ముఖాన్ని తలచుకున్న ప్రతిసారీ ఆ జ్ఞాపకం కాసేపు పచ్చి సిమెంటులా మెత్తబడి, మళ్లీ గట్టిపడుతుంది. అది మెత్తగా ఉన్న ఆ కాస్త సమయంలో టోపీలోంచి కరెంటు ఎదురు పంపితే ఇక గట్టిపడదు. ఎలుకల మీద చేశాను. భయంకరమైన దృశ్యాలు మరువలేక అల్లాడుతున్న ఇద్దరు మనుషుల మీద, వాళ్లే అడిగితే చేశాను. కానీ పోయేది ముఖం ఒక్కటే కాదు. పేరు, గొంతు, ఆ మనిషితో గడిపిన పూటలు అన్నీ పోతాయి, తిరిగి రావు. ఇదంతా యశోదకు చెప్పాను.

ఆమె నోట్‌బుక్ మూసింది.

"బస్సు నంబరు బయటవెట్టిన దినం నేను ఠాణాల కూసున్న, కేసు రాసుకోమని. సాయంత్రం ఉరుక్కుంట బడికి పొయ్యేసరికి ఆ మనిషి గేటు అవతల నిలబడి ఉన్నరు. పొద్దటిసంది ఆడనే ఉన్నరట, ఎండల. నా బిడ్డ దగ్గరికి గూడ పోలేదు, ఎవరన్న చూస్తే నాకు ముప్పని. ఊకె నిలబడ్డరు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అది గూడ పోతదా సార్?"

"పోతుంది."

"సరే. ఫొటో నేనే తెస్త. మీరు చూడొద్దు."

ఆమె వెళ్లాక నా గదిలో కూర్చుని నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. నాకు మెదడు శాస్త్రంలో ఒకటి, రసాయనశాస్త్రంలో ఒకటి, మొత్తం రెండు డాక్టరేట్లు, గోడ నిండా సన్మానపత్రాలు ఉన్నాయి. ఆమెకున్నది ఒక సంచి, ఒక పెన్ను. ఆ కుర్చీలో వణకాల్సింది ఆమె కాదు, నేను.

మూడు రోజులు పట్టింది. ఆమె అడ్డుతెర అవతల కూర్చునేది. కవరులోంచి ఫొటో తనే తీసి చట్రంలో పెట్టుకునేది. ఆ ఫొటో ఆ మనిషే ఇచ్చారట, 'నన్ను మరిచిపో' అని తనే చెప్పి మరీ. ఇవతల నాకు కనిపించేది గీత ఒక్కటే. మొదటి రోజు దాని ఎత్తు చూసి బిత్తరపోయాను. కండక్టరు భార్యను చూసినప్పటి గీతకు ఏమాత్రం తీసిపోలేదు. ఏదో కాగితాలిచ్చిపుచ్చుకునే పరిచయమనుకున్నాను గానీ, ఇంత పెనవేసుకున్నారని ఊహించలేదు.

రెండో రోజుకు గీత సగమైంది. "పేరు నాలిక మీదికి వస్తలేదు సార్" అంది అవతలి నుంచి, కంగారుగా. మూడో రోజు మధ్యాహ్నం గీత నేలకు దిగింది. అవతలి నుంచి ఆమె మామూలు గొంతుతో, "ఈ ఫొటో నాకెందుకు చూపిస్తుండ్రు సార్?" అని అడిగింది. ఆ చివరి చూపు కూడా నిలవకుండా మరోసారి మీట నొక్కాను. ఆమె బయటికి వెళ్లాక ఫొటోను బోర్లించే తీసి, బర్నర్ మంట మీద పెట్టి కాల్చేశాను. ఎవరి ముఖమో చూడలేదు. ఎవరో తెలియని మనిషి కోసం ఏడవడం నాకు అదే మొదటిసారి.

విచారణకు యంత్ర నిపుణుడిగా నన్నే పిలిచారు. అధికారి మర్యాదస్తుడు. యశోదకు మంచినీళ్లిచ్చి, కుర్చీ కింద దిండు కూడా వేయించాడు. నాలుగు వందల పన్నెండు ఫొటోలు నడిచాయి. పదకొండు చోట్ల గీత లేచింది. లేచిన ప్రతిసారీ అందరూ ముందుకు వంగడం, తీరా చూస్తే యూనియన్ నాయకుడో, పక్కింటి డ్రైవరో, ఆమె చిన్నప్పటి టీచరు కొడుకో కావడం. ఆ ఒక్క ఫొటో ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకూ తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

"ఆర్నెల్లలో మళ్లీ పిలుస్తాం" అన్నాడు అధికారి నీరసంగా.

గెలిచామనుకున్నాను. పదిరోజులు కూడా కాకముందే యశోద మళ్లీ నా ముందుకొచ్చి నిలబడింది. ఈసారి చేతిలో ఒక కాగితాల కట్ట. ఫ్యాక్టరీ బోరుబావుల్లోకి ఏమేం దించిందో మూడేళ్ల అసలు లెక్క అందులో ఉంది. మరుపుకు ముందే ఆ మనిషి ఇచ్చిన ఆఖరి కట్ట అదని పైన ఆమె చేతిరాతే ఉంది, పేరు మాత్రం లేదు.

"అచ్చెయ్యండి మరి! ఇంకా ఆలస్యమెందుకు?" అన్నాను.

"ఎట్లేస్త సార్? ఇదెవరిచ్చిండ్రో నాకే తెల్వదు."

"అంకెలు కళ్ల ముందే ఉన్నాయి కదమ్మా."

"నా మొఖం వెట్టి దొంగ వీడియో చేసినోళ్లకు దొంగ కాగితం చేసుడు ఎంతసేపు? మనిషి తెల్వని కాగితం వార్త కాదు సార్. తెలిసిన మనిషైనా ఒక్కరు చెప్తె సాలదు, ఇద్దరు చెప్పాలె. ఇరవై ఏండ్లల్ల నేను రెండో మనిషి లేకుండ ఒక్క వాక్యం రాయలేదు. అందుకే నా మీద అన్ని కేసులేసినా ఒక్కటి నిలవలేదు."

నాకు చిరాకేసింది. వాగు పక్క ఊళ్లలో పిల్లలకు ఒంటి నిండా పుండ్లు. ఈవిడేమో నియమాలు వల్లిస్తోంది. పైకి అనలేదు. అననందుకు ఈ రోజుకీ సంతోషిస్తున్నాను, ఎందుకంటే ఆ నియమమే లేకపోతే ఆమె ఎప్పుడో మునిగిపోయేది.

"ఎవరిని అడుగుతారు?"

ఆమె నోట్‌బుక్ తెరిచింది. "ఇంజనీర్లకు ఇల్లు, కారు ఫ్యాక్టరోళ్లే ఇచ్చిండ్రు. నోరు తెరవరు. కాని నీళ్ల పరీక్ష గదిల సీసాలు కడిగేటోళ్లకు వాసన తెలుస్తది, నంబర్లు కనవడ్తయి. పదేండ్లు దాటినోళ్లు ముగ్గురున్నరు. ఇద్దరు క్వార్టర్లల్ల ఉంటరు, గేటు కాడ కెమెరా. మూడో ఆమె వాగు అవతల సొంతింట్ల ఉంటది. మేకల సరోజన. మీరు గూడ రాండ్రి సార్, ఆ మందుల పేర్లు నాకు నోరు తిరుగవు."

అప్పుడే నాకు తట్టాలి. మూడేళ్ల కిందట కూడా ఈమె ఇదే బుర్రతో, ఇలాగే ఆలోచించి ఉంటుంది కదా! కానీ తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. కారు తీశాను.

చిన్న రేకుల ఇల్లు. వాకిట్లో ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తలుపు తీసింది యాభై అయిదేళ్ల మనిషి. మందులకు చేతులు తెల్లగా పొలుసులు కట్టాయి. యశోదను చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. చెయ్యి కూడా సగం దాకా చాపింది.

"నమస్తే అమ్మా. నా పేరు యశోద. విలేకరిని" అంది యశోద.

చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ తర్వాత మెల్లగా జారి, ఏదో వెతుక్కుంటున్నట్టు కొంగు సర్దుకుంది. ఆ ఒక్క క్షణంలో నాకంతా అర్థమైంది. బర్నర్ మీద నేను కాల్చింది ఈమె ముఖమే. యశోద తలలోంచి ఆ మనిషిని నేను తీసేస్తే, యశోద పనితనం తిన్నగా వచ్చి ఆ గుమ్మంలోనే నిలబడింది.

"రా బిడ్డా, కూసో" అని సరోజన చాయ్ తెచ్చింది. యశోద ఒక గుక్క తాగి తలెత్తింది.

"నేను చక్కెర తాగనని మీకెట్ల తెలుసమ్మా?"

"నాకు షుగరు బిడ్డా. ఇంట్ల చక్కెర ఉండది" అంది సరోజన. వెనక అలమరలో సగం నిండిన చక్కెర డబ్బా నాకు కనిపిస్తూనే ఉంది.

యశోద కాగితాలు తీసి ముందు పెట్టింది. "ఇవి నాకు ఒకరిచ్చిండ్రు. ఎవరో నేను చెప్పలేను. ఇండ్ల ఉన్నది నిజమా, అబద్ధమా? మీరు అవునంటే నాకు రెండో మనిషి దొరికినట్టు."

సరోజన ఆ కాగితాల వైపు చూడలేదు, యశోద ముఖాన్నే చూసింది. 'అవును' అంటే చాలు, వచ్చే వారం వార్త అచ్చవుతుంది. బిడ్డల పుండ్లు మానే దారి దొరుకుతుంది. తన రహస్యం కూడా ఎక్కడికీ పోదు. నేనైతే అనేసేవాణ్ని. ఒట్టు, ఆలోచించకుండా అనేసేవాణ్ని.

"ఇద్దరు చెప్పాలె అని నువ్వు నాకు వందసార్లు చెప్పినవ్ బిడ్డా" అంది సరోజన. "నీతోని అబద్ధమాడలేను. నేను రెండో మనిషిని కాను. ఆ ఇచ్చినదాన్ని నేనే."

యశోద గ్లాసు కింద పెట్టింది. ఆమె నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎందుకు చెప్పినవమ్మా? ఇప్పుడు నువ్వు నాకు తెలిసినవ్. ఆర్నెల్లకు మళ్ల కూసోవెడితే..."

"దాసిపెడితేనే కద వాళ్లు దొరకవడుతరు? ఇగ దాసుడు లేదు. నీ పేపర్ల నా పేరు రాయి. మేకల సరోజన, భర్త పేరు మల్లయ్య, సీసాలు కడుగుతది. ఫొటో గూడ వెయ్యి. నా కోసం నువ్వు నీ తలకాయనే కోసి ఇచ్చినవ్. నేను పేరియ్యలేనా?"

యశోద నోట్‌బుక్ తెరిచింది. "రాస్తనమ్మా. కాని అప్పుడు గూడ ఒక్కరే అయితరు. ఇంకొకరు కావాలె" అంది. అంతటి పరిస్థితిలోనూ తన పని విడవలేదు. ఆ ఇద్దరాడవాళ్ల మధ్య కూర్చుని నేను ఎంత చిన్నవాణ్నో నాకు స్పష్టంగా కనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చింది. కొత్త భవనం గుర్తొచ్చింది. అయినా లేచాను.

"వాగు పక్క ఊళ్ల బోరు నీళ్లు నేను పట్టుకెళ్తాను" అన్నాను. "నా చేతులతో పరీక్ష చేసి, సంతకం పెట్టి ఇస్తాను."

యశోద పెన్ను తెరిచి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసి, "పూర్తి పేరు చెప్పండ్రి సార్" అంది.

"కందాళ నరహరి. ఎరుక యంత్రం చేసింది కూడా నేనేనని రాయండి."

నా పరీక్షలోనూ అవే విషాలు తేలాయి. వార్త రెండు పేర్లతో వచ్చింది. సరోజనను మర్నాడే పనిలోంచి తీసేశారు. నన్ను సస్పెండ్ చేశారు. నెల తిరిగేలోపు ఇంకో పద్నాలుగు మంది కార్మికులు యశోద ఇంటికొచ్చి, "మా పేర్లు గూడ రాయక్కా" అన్నారు. బోరుబావులకు సీలు పడింది. యశోద మీద ఇంకో రెండు కేసులు పడ్డాయి, ఇంకో దొంగ వీడియో వచ్చింది. ఆరు నెలలకు అధికారి మళ్లీ పిలిచి సరోజన ఫొటో పెట్టినప్పుడు గీత లేచింది. ఈమె తెలుసా అని ఆయన గద్దించాడు. "తెలుసు సార్. మొదటి పేజీలనే ఉన్నది, మీరు చదవలేదా?" అందట యశోద. ఆ మాట నాకు ఎవరు చెప్పినా మళ్లీ ఒకసారి చెప్పించుకుంటాను.

పోయినదాన్ని తెచ్చివ్వగలిగితే నా రెండు చేతులూ ఇచ్చేవాణ్ని. దానికి మందు లేదు. అందుకని ఆదివారం ఆదివారం యశోద నోట్‌బుక్ పట్టుకుని వాగు అవతలికి వెళుతుంది. తాను పోగొట్టుకున్న మూడేళ్లను సరోజన నోట విని, తారీఖులు అడిగి రాసుకుంటుంది. సస్పెండైనవాడికి పనేముంది గనక, కారు నాది. మొన్నటి ఆదివారం వాళ్లు దొంగ వీడియో వచ్చిన రోజు దాకా వచ్చారు.

"అందరి ముంగట నవ్వుకుంట తిరిగినవట. ఈడికొచ్చి నా ఒళ్ల తల పెట్టి ఏడ్చినవ్ బిడ్డా. నీ తలకు నూనె రాసిన. ఏడ్సుకుంటనే నిద్రపోయినవ్."

యశోద పెన్ను ఆగింది. "నేను ఏడ్చిన్నా?"

"ఏడ్చినవ్."

"ఎవరన్న చూసిండ్రా అక్కా? అప్పుడు ఇంట్ల ఎవరన్న ఉండిరా?"

"ఎవ్వలు లేరు. నువ్వు, నేను."

యశోద చాలాసేపు ఆ తెల్ల కాగితం వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత తల వంచి రాయడం మొదలుపెట్టింది. సగం వాక్యం దగ్గర ఆగి, కళ్లు తుడుచుకుని, "ఏం నూనె రాసినవక్కా?" అని అడిగింది.